మోర్గన్ వెండి డాలర్లు ఐదు దొరికాయి, వీటిలో అరుదైన వ్యామ్ (అచ్చు రకం) ఏదైనా ఉందా?

పాతచిల్లర:

అందరికీ నమస్కారం. న్యూజెర్సీలో ఉంటాను. ఈమధ్య మా వీధిలో ఒక పాత ఇంటి సామాను ఎస్టేట్ సేల్‌కి పెడితే, సిగార్ పెట్టెలో ఐదు మోర్గన్ డాలర్లు (అమెరికా పాత వెండి నాణేలు) కనిపించాయి. వెండి రేటు కంటే కాస్త ఎక్కువిచ్చి మొత్తం తీసేసుకున్నాను. అప్పటినుంచి రాత్రిళ్లు లూప్ (చిన్న భూతద్దం) పట్టుకుని కూర్చోవడమే పని. మా ఆవిడ దృష్టిలో ఐదూ ఒకటే, తేదీ ఒక్కటే తేడా.

నాకు కనిపించినవి చెబుతాను. 1878లో మింట్ మార్క్ (ఏ టంకశాలదో చెప్పే చిన్న అక్షరం) లేదు. గద్ద తోకలో ఈకలు ఏడు, కానీ వాటి కింద ఇంకేవో సన్నటి మొనలున్నాయి. 1888-ఓలో (ఓ అంటే ఇంగ్లీషు O, న్యూ ఆర్లీన్స్ టంకశాల గుర్తు) లిబర్టీ, అంటే బొమ్మ వైపున్న స్త్రీ, పెదవులు, గడ్డం రెండుసార్లు పడ్డట్టున్నాయి. హాట్ లిప్స్ అనే పేరున్న రకం ఇదేనా? 1900-ఓలో మింట్ మార్క్ చుట్టూ ఏదో చెత్తలా ఉంది. 1902-ఓలో ఆ ఓ అక్షరం మిగతా వాటికంటే బాగా చిన్నది. 1921లో ఏమీ కనిపించలేదు.

నెట్‌లో ఫొటోలు పక్కన పెట్టి పోలిస్తే ఒక్కోసారి అన్నీ అరుదైనవే అనిపిస్తున్నాయి, ఇంకోసారి ఒక్కటీ కాదనిపిస్తోంది. నా దగ్గరున్నది 30 రెట్ల లూప్. ఎక్కడ మొదలుపెట్టాలో, వీటిలో ఏది గ్రేడింగ్‌కి (నాణేన్ని పరీక్షించి స్థితి తేల్చే సంస్థలకి) పంపితే ఖర్చు దండగ కాదో చెప్పండి.

బొరుసుబాబాయ్:

ముందు ఆ 30 రెట్ల లూప్ డ్రాయర్లో పడేయండి. అంత దగ్గరగా చూస్తే ప్రతి గీతా ఒక వింతే. 10 రెట్లది చాలు, నిజానికి సగం పని 5 రెట్లతోనే అయిపోతుంది. ఫోన్ ఫ్లాష్ వద్దు, రింగ్ లైట్ అసలే వద్దు. ఒకే ఒక్క టేబుల్ లైట్ పక్కనుంచి పడేలా పెట్టుకుని, నాణేన్ని అంచులు పట్టుకుని మెల్లగా తిప్పుతూ చూడండి. ఉబ్బెత్తుగా ఉన్నదానికి నీడ ఒక వైపు పడుతుంది, గాడిగా ఉన్నదానికి రెండో వైపు పడుతుంది. డై అంటే నాణెం మీద బొమ్మని కొట్టే ఉక్కు అచ్చు; దాని మీద పగులు వస్తే నాణెం మీద గీత ఉబ్బెత్తుగా వస్తుంది. జేబులోనో సంచిలోనో పడ్డ గీత లోపలికి దిగుతుంది. ఈ ఒక్క తేడా కంటికి అలవాటైతే ఇక్కడ వచ్చే ప్రశ్నల్లో సగం రావు.

కొత్తవాళ్లు తరచూ పొరబడే సంగతి ఇంకొకటి. వ్యామ్ అంటే లెరాయ్ వాన్ అలెన్, జార్జ్ మాలిస్ అనే ఇద్దరి ఇంటిపేర్ల మొదటి అక్షరాలు. ఆ సంవత్సరం, ఆ టంకశాలలో వాడిన డైల జతలకి వాళ్లు వేసిన వరస నంబరు. వ్యామ్ నంబర్ ఉందంటే అరుదైనదని కాదు. చాలా తేదీల్లో వ్యామ్-1 అంటే ఏ ప్రత్యేకతా లేని మామూలు డైలే. నంబర్ పక్కన ఏ, బీ అని అక్షరం ఉంటే అవే డైలు తర్వాత పగిలిన దశో, గీతలు పడ్డ దశో. మొత్తం జాబితా వేలల్లో ఉంది, జనం డబ్బులు పెట్టేది అందులో కొద్ది వాటికే. 1996లో ఫే, ఆక్స్‌మన్ కలిసి టాప్ 100 జాబితా వేశాక ఆ కొద్దివాటికి గిరాకీ బాగా పెరిగింది. హాట్ లిప్స్ అందులోదే.

అసలు ఇన్ని రకాలు ఎందుకొచ్చాయో తెలిస్తే ఎక్కడ చూడాలో తెలుస్తుంది. 1878 నుంచి 1904 వరకు డైలన్నీ ఫిలడెల్ఫియాలోనే తయారయ్యేవి. న్యూ ఆర్లీన్స్‌కి ఓ, శాన్ ఫ్రాన్సిస్కోకి ఎస్, కార్సన్ సిటీకి సీసీ కొట్టి పంపేవాళ్లు. తేదీనీ మింట్ మార్క్‌నీ ఒక్కో డై మీద విడివిడిగా పంచ్‌తో కొట్టేవారు. అందుకే ఒక డైలో తేదీ కాస్త ఎడమకి, ఇంకో దాంట్లో కుడికి, ఓ అక్షరం ఒక చోట నిలువుగా, ఇంకో చోట వాలి ఉంటుంది. బొమ్మని డైలోకి దించడానికి హబ్‌తో (ఉబ్బెత్తు బొమ్మ ఉన్న ఉక్కు ముద్రతో) ఒత్తడం ఒక్కసారితో అయ్యేది కాదు. ఒత్తడం, కాల్చి మెత్తబరచడం, మళ్లీ ఒత్తడం. రెండోసారి కాస్త పక్కకి జరిగితే, రబ్బరు స్టాంపు సరిగా పడలేదని దానిమీదే మళ్లీ కొట్టినట్టు, రెండు బొమ్మలు పడతాయి. ఆ డై మీద కొట్టిన ప్రతి నాణెం మీదా అదే కనిపిస్తుంది. అసలైన డబుల్డ్ డై అంటే అదీ.

కాబట్టి వరస ఇదీ: ముందు బొరుసు ఏ రకం డిజైనో చూడండి. తర్వాత తేదీలో 1 అంకె కింద అంచు పళ్లలో (అంచు వెంట ఉండే చిన్న పళ్ల వరసలో) ఏ పన్ను మీదికి వస్తుందో చూడండి. ఆ తర్వాత మింట్ మార్క్ ఎంత ఎత్తులో, ఎంత వాలుగా ఉందో. డబ్లింగ్ (బొమ్మ రెండుసార్లు పడ్డట్టుండటం) అన్నిటికంటే చివర. మీరందరూ చివరిదానితో మొదలుపెడతారు, అక్కడే తంటా.

ఇక మీ 1888-ఓ. పెదవుల దగ్గర ఆ రెండో గీత చదునుగా, మెట్టులా, మెరుస్తూ ఉందా? అసలు పెదవిని కాస్త తినేసినట్టుందా? అయితే అది కొట్టేటప్పుడు డై అదరడం వల్ల వచ్చిన మెషిన్ డబ్లింగ్. మోర్గన్లలో ముఖం అంచు వెంట ఇది కోకొల్లలు, పైసా విలువ పెరగదు. వ్యామ్-4 హాట్ లిప్స్‌లో రెండో పెదవి కూడా మొదటి దానిలాగే గుండ్రంగా, నిండుగా ఉంటుంది. ముక్కు, గడ్డం కూడా జంటగా వస్తాయి. బాగా అరిగిన నాణెం మీద కూడా లూప్ లేకుండా తెలుస్తుంది. పైగా అవి దొరికేవి దాదాపు అన్నీ బాగా చేతులు మారినవే. మెరుస్తున్న కొత్త నాణెం చూపించి ఎవరైనా హాట్ లిప్స్ అంటే నేనైతే ముందు అనుమానపడతాను.

ఆ సంవత్సరంలోనే ఇంకొకటి కూడా చూడండి. వ్యామ్-1బీ, స్కార్‌ఫేస్ అంటారు. పెద్ద పగులు అంచు నుంచి లిబర్టీ ముఖం మీదుగా వెళ్తుంది. అది ఉబ్బెత్తు గీత. లోపలికి దిగితే గీకుడే.

1878 సంగతి సరదాగా ఉంటుంది. ఆ మార్చిలో ఫిలడెల్ఫియాలో మొదలుపెట్టినప్పుడు తోకకి ఎనిమిది ఈకలు. తర్వాత ఏడుకి మార్చారు. అప్పటికే చేసిన ఎనిమిది ఈకల డైలు కొన్నింటి మీద ఏడు ఈకల హబ్ మళ్లీ ఒత్తారు. వాటిల్లోనే ఏడు ఈకల కింద పాత ఈకల కొసలు బయటికి కనిపిస్తాయి. కానీ ఆ కొసలు చూసే ముందు బాణాల వైపు వెళ్లండి. అన్నిటికంటే పై బాణం ఈక కింది ఈకకి సమాంతరంగా ఉందా, ఏటవాలుగా ఉందా? ఏటవాలుగా ఉండి, గద్ద రొమ్ము గుండ్రంగా ఉబ్బి ఉంటే అది తర్వాత వచ్చిన బొరుసు డిజైన్. అందులో ఎనిమిది మీద ఏడు ఉండే ప్రసక్తే లేదు. సమాంతరంగా, రొమ్ము చదునుగా ఉంటేనే కొసలు లెక్కపెట్టే కష్టం పడండి.

1921 మీద ఎక్కువ సమయం పెట్టకండి. పాత హబ్‌లు 1910లోనే నాశనం చేశారు కాబట్టి 1921కి కొత్తగా చేసుకున్నారు. తేదీ మాస్టర్ డై (మిగతా డైలన్నిటికీ మూలమైనది) మీదే ఉంది, విడిగా కొట్టింది కాదు, అందుకని తేదీ జరిగిన రకాలు వెతకడం దండగ. మిగిలేవి పగుళ్లు, గాట్లు. ఒక్కటి మాత్రం చూడండి: అంచు మీద గీతలు. మామూలుగా 189 ఉంటాయి. 157 మాత్రమే ఉన్నవి కొన్ని ఉన్నాయి, వాటికి అడిగేవాళ్లున్నారు. లెక్కపెట్టక్కర్లేదు, ఇంకో 1921 పక్కన పెడితే గీతలు దూరందూరంగా ఉన్నట్టు ఇట్టే తెలుస్తుంది.

1900-ఓ గురించి నేను చెప్పను. ఇక్కడ ఒకాయన ఉన్నారు, ఆయన ఊరుకోరు.

కార్సన్‌సిటీ_ఫ్యాన్:

బాబాయ్ గారూ, పిలిచారుగా, వచ్చేశా.

పాతచిల్లర గారూ, మీరు చెత్త అంటున్నదే మీ పెట్టెలో అసలు సరుకు కావచ్చు. కార్సన్ సిటీలో నాణేలు కొట్టడం 1893తో ఆగిపోయింది. వాడకుండా మిగిలిన బొరుసు డైలని ఫిలడెల్ఫియాకి తెప్పించుకుని, సీసీ మీద ఓ కొట్టి 1900లో న్యూ ఆర్లీన్స్‌కి పంపారు. పనికొచ్చే డైని పారేయడం ఎందుకని. పాత అక్షరాలని పూర్తిగా చెరపలేకపోయారు కాబట్టి ఓ చుట్టూ వాటి శేషాలు మిగిలాయి. ఒకటి కాదు, వ్యామ్-7 నుంచి 12 దాకా ఇలాంటివే. కొన్నింట్లో ఎదురుగా నిలబడి పలకరిస్తుంది, కొన్నింట్లో వెతుక్కోవాలి.

మోసపోయే చోటు కూడా ఇదే. 1900-ఓలో ఓ మీదే మళ్లీ ఓ కొట్టినవి కూడా ఉన్నాయి. అవైతే లోపల కనిపించే వంపు ఓ వంపుకి జంటగా, పక్కనే కాస్త జరిగి వెళ్తుంది. సీసీ అలా కాదు. రెండు అక్షరాలు పక్కపక్కన ఉండేవి, ఓ వాటి మీద పడింది. అందుకని శేషాలు ఓ లోపలా, రెండు పక్కలా విడివిడిగా ఉంటాయి. లోపల ఒక వంపు, బయట కుడి పక్కన ఒక చిన్న కొస, ఎడమ పక్కన ఇంకేదో ఉంటే ఆశ పెట్టుకోండి. ఒక్క వైపే ఉంటే ఇంకా చెప్పలేం.

ఇదే పద్ధతిలో 1882లో ఎస్ మీద ఓ కొట్టినవి ఉన్నాయి. వాటిల్లో మూడు రకాలకి పేరుంది. వ్యామ్-3లో ఎస్ ముక్క ఓ పైభాగంతో సమానంగా ఉంటుంది, వ్యామ్-4లో లోపలికి దిగి ఉంటుంది, వ్యామ్-5లో విరిగి ఉంటుంది. మీ దగ్గర ఆ తేదీ లేదు గానీ, ఈసారి ఎక్కడైనా 1882-ఓ కనిపిస్తే ఓ మధ్యలోకి చూడకుండా వదలకండి.

తూకంరాళ్లు:

1902-ఓ దగ్గర ఎవరూ ఆగినట్టు లేరు, అక్కడే నాకు టెన్షన్.

చిన్న ఓ ఉన్న 1896, 1900, 1902 డాలర్లని చాలాకాలం అరుదైన రకాలుగానే కొన్నారు, అమ్మారు, వ్యామ్ నంబర్లు కూడా ఇచ్చారు. తర్వాత ఒక సంగతి బయటపడింది. ఆ మూడు సంవత్సరాల నాణేలకీ బొరుసు డై ఒకటే. డై మీద ఉన్న లోపాలు అన్నిట్లో ఒకే చోట. ఆరేళ్ల తేడాతో కొట్టిన నాణేల మీద అదే డై ఎలా వస్తుంది? 2005లో పీసీజీఎస్ అనే గ్రేడింగ్ సంస్థ ఆ మూడూ నకిలీలని తేల్చింది. ఎవరో పాతకాలంలోనే చేసిన దొంగ డాలర్లు.

వెండితో దొంగ నాణెం ఎందుకు చేస్తారని అడగొచ్చు. ఆ రోజుల్లో వెండి రేటు పడిపోయి, డాలర్లో ఉన్న వెండి విలువ అర డాలర్‌కి అటూ ఇటూగా ఉండేది. మంచి వెండితోనే చేసి ఖర్చుపెట్టినా సగానికి సగం లాభం. అందుకే ఇవి అంతకాలం దొరక్కుండా తిరిగాయి. తూకం 26.73 గ్రాములకి దగ్గరగా వచ్చింది, అయస్కాంతానికి అంటుకోలేదు అని తృప్తి పడకండి. ఇక్కడ ఆ పరీక్షలు మీకు సాయం చేయవు.

చిన్న ఓ ఉన్నవన్నీ దొంగవి అని కూడా కాదు. 1899-ఓలో చిన్న ఓ ఉన్నది అసలైనదే, చిన్న నాణేల కోసం చేసిన పంచ్ పొరపాటున వాడారు. 1880-ఓలో కూడా చిన్న ఓ ఉంది, అదీ అసలైనదే. మీది ఆ రెండు తేదీల్లో లేదు కాబట్టే చెబుతున్నాను.

పాతచిల్లర:

అందరికీ చాలా థాంక్స్. పక్కన లైట్ పెట్టుకుని, 10 రెట్ల లూప్‌తో మళ్లీ కూర్చున్నాను. తేడా నిజంగానే ఉంది.

1888-ఓలో పెదవి పక్కన ఉన్నది మెట్టులాగే ఉంది. చదునుగా, నాణేన్ని తిప్పుతుంటే ఒక్కసారిగా తళుక్కున మెరుస్తోంది. ముఖం మీద పగులేమీ లేదు.

1878లో పై బాణం ఈక ఏటవాలుగా ఉంది. గద్ద రొమ్ము గుండ్రంగానే ఉంది. మరి తోక కింద ఉన్న ఆ మొనలేంటి? ఉబ్బెత్తుగానే ఉన్నాయి, గీకుడు కాదు.

1900-ఓలో ఓ లోపల ఎడమవైపు నిలువుగా ఒక వంపు ఉంది, ఓ వంపుతో కలవట్లేదు. బయట కుడి పక్కన, పైన ఒకటి, కింద ఒకటి చిన్న చుక్కల్లా ఉన్నాయి. ఎడమవైపు బయట కూడా పల్చగా ఏదో ఉంది.

1902 గురించి చదివాక దాన్ని విడిగా పెట్టేశాను. ఇంకొకటి అడగాలి. 1900-ఓ మీద నల్లటి మురికి ఉంది. సబ్బునీళ్లతో మెల్లగా కడిగితే ఆ చుక్కలు ఇంకా బాగా కనిపిస్తాయా?

బొరుసుబాబాయ్:

కడగొద్దు. బట్టతో తుడవడం కూడా వద్దు. మీరు చూస్తున్న ఆ చుక్కలు వెంట్రుక మందం ఉంటాయి. రుద్దితే వాటి చుట్టూ సన్న గీతలు పడతాయి, ఆ తర్వాత ఏది డై గుర్తో ఏది మీరు చేసిందో ఎవరూ చెప్పలేరు. పైగా గ్రేడింగ్ వాళ్లు క్లీన్డ్ అని రాసి పంపిస్తారు. ఆ మురికి అలాగే ఉండనివ్వండి.

1888-ఓ తేలిపోయింది, మెషిన్ డబ్లింగే. మంచి 1888-ఓ, అంతే.

1878లో ఎనిమిది మీద ఏడు కాదు, బాణం ఈక అక్కడే చెప్పేసింది. తోక కింద ఉబ్బెత్తు గీతలంటే నా అనుమానం డై క్లాష్ మీద. మధ్యలో వెండి బిళ్ల లేకుండా రెండు డైలూ ఒకదాన్నొకటి గుద్దుకుంటే, బొమ్మ వైపు ముద్ర బొరుసు డై మీదా, దీనిది దాని మీదా పడుతుంది. లిబర్టీ మెడ అంచు ముద్ర తరచూ గద్ద తోక, దండ పరిసరాల్లోనే కనిపిస్తుంది. ఇవి మామూలే, ఎక్కువ పలకవు. కానీ 1889-ఓ, 1891-ఓల్లో వ్యామ్-1ఏ అని ఒకటుంది. అక్కడ గుద్దుడు ఎంత గట్టిదంటే, లిబర్టీ తలపట్టీ మీద ఉన్న ఇంగ్లీషు ఈ అక్షరం బొరుసు మీద, తోక దగ్గర, చదవగలిగేలా దిగింది. దానికి వెతుక్కునేవాళ్లున్నారు. మీ 1878లో ముద్ర ఏ ఆకారంలో ఉందో చూసుకోండి, సరదాకే.

1900-ఓ గురించి ఫ్యాన్ గారు చెప్పాలి గానీ, మీరు రాసింది చదివి నాకే ఉత్సాహం వచ్చింది.

కార్సన్‌సిటీ_ఫ్యాన్:

కుడి పక్కన పైనొకటి కిందొకటి అన్నారు చూశారా, అవి సీ అక్షరం రెండు కొసలు అయ్యుండాలి. లోపలి వంపు అదే సీకి వీపు. ఎడమ బయట పల్చగా ఉన్నది మొదటి సీ వీపు. ఓ మీద ఓ అయితే ఇవన్నీ ఇలా పేర్చినట్టు రావు. ఫొటో చూడకుండా ఖాయం చేయను, కానీ నా దగ్గరుంటే ఓ ఓవర్ సీసీ అని కవర్ మీద పెన్సిల్‌తో రాసి పెట్టేవాణ్ని.

ఏ వ్యామ్ నంబరో తేల్చడానికి మూడు ఫొటోలు తీయండి. ఓ దగ్గరగా ఒకటి, ఓ పైన ఉన్న దండ ముడి, పక్కన ఉన్న అక్షరాలు కలిపి ఒకటి, తేదీ మొత్తం కింది అంచు పళ్లతో సహా ఒకటి. ఓ చుట్టూ శేషం మాత్రమే చూసి నంబర్ చెప్పేవాళ్ల మాట నమ్మకండి. రెండు రకాల్లో శేషాలు దగ్గరదగ్గరగానే ఉంటాయి, తేదీ ఎక్కడుందన్నదే విడగొడుతుంది.

ఒక మాట ముందే చెప్పేస్తాను, తర్వాత నన్ను తిట్టుకోకుండా. ఓ ఓవర్ సీసీ పేరున్న రకమే గానీ, దొరకనిది కాదు. మామూలు 1900-ఓ మీద మంచి తేడానే పలుకుతుంది, ఇల్లు కొనుక్కునేంత కాదు. నాణెం అరగకుండా ఉంటే ఆ తేడా పెరుగుతుంది.

పాతచిల్లర:

ఇల్లు వద్దులెండి, పంపిన ఖర్చు వెనక్కొస్తే చాలు. తేదీ అంకెలు బాగా స్పష్టంగా ఉన్నాయి, లిబర్టీ చెవి పైన జుట్టు మాత్రం కాస్త అరిగింది. ఎవరికి పంపాలి? 1902ని కూడా దీనితో కలిపి పంపేస్తే పని అయిపోతుందా?

బొరుసుబాబాయ్:

చెవి పైన జుట్టు మోర్గన్లలో ముందుగా అరిగే చోటు. న్యూ ఆర్లీన్స్ నాణేల్లో అక్కడ అసలు కొట్టడమే నీరసంగా ఉండేది కూడా. అరిగిన చోట మెరుపు పోయి ఉంటుంది, నీరసంగా కొట్టిన చోట మెరుపు ఉంటుంది కానీ జుట్టు పోగులు తేలవు. లైట్ కింద తిప్పి చూసి ఏదో తేల్చుకోండి, గ్రేడ్ అంచనా దాని మీదే ఉంది.

గ్రేడింగ్ సంస్థల్లో అనాక్స్, ఎన్‌జీసీ, పీసీజీఎస్ ముగ్గురూ లేబుల్ మీద వ్యామ్ రాస్తారు. అయితే అడగాలి, దానికి విడిగా ఫీజు కట్టాలి. అడక్కపోతే ఒట్టి 1900-ఓ అని లేబుల్ వేసి పంపిస్తారు, అప్పుడు మళ్లీ మొదటికే. ఫారంలో ఓ ఓవర్ సీసీ అని మీరే రాయండి. నేనైతే వ్యామ్‌ల కోసం ఎప్పుడూ అనాక్స్ వైపే మొగ్గుతాను, చిన్నాచితకా రకాలు కూడా ఓపిగ్గా చూస్తారు. అమ్మే ఉద్దేశం ఉంటే మాత్రం మిగతా ఇద్దరి లేబుల్‌కి కొనేవాళ్లు ఎక్కువ.

1902ని పంపకండి. నకిలీ అని తేలితే మామూలు గ్రేడ్ రాదు, ఫీజు పోయినట్టే. ఆ బొరుసు డై ఫొటోలు బయట చాలానే ఉన్నాయి, ముందు మీరే పోల్చి చూసుకోండి. ఈ దొంగ డాలర్లని తెలిసే కొనేవాళ్లు కూడా ఉన్నారు. అమ్మాల్సి వస్తే అసలు సంగతి రాసి అమ్మండి.

తూకంరాళ్లు:

1902 బొరుసు ఫొటో ఇక్కడ పెట్టండి, పెద్ద సైజులో, లైట్ ఎడమ పక్కనుంచి. నా దగ్గర 1896ది ఒకటుంది. రెండూ పక్కపక్కన పెట్టి పోలుస్తాను.